మూడు ఫొటోలు, ఒక టేపు: ఐదడుగుల అమ్మాయికి తొలి రోడ్ బైక్

చిత్తూరులో ఉన్న మా పిన్ని కూతురు ఆ మధ్య వాట్సాప్‌లో మూడు సైకిళ్ల ఫొటోలు పంపింది. కింద ఒకటే మాట: "అక్కా, ఈ మూడిట్లో ఏది కొనమంటావు?"

మొదటిది ఎర్ర రంగు రేసింగ్ సైకిల్. సెకండ్ హ్యాండ్, సైజు 54, కొత్తదాని ధరలో సగానికే ఇస్తామంటున్నారు. రెండోది ముందు ఒకే పళ్లచక్రం, వెనక ఏడు గేర్లు ఉన్న కొత్త రోడ్ బైక్, ఎక్స్‌ఎస్ సైజు. మూడోది షిమానో కంపెనీ క్లారిస్ రకం గేర్లున్న ఎండ్యూరెన్స్ బైక్, అంటే ఎక్కువ దూరాలు సుఖంగా తొక్కేందుకు చేసిన రోడ్ బైక్. అదీ ఎక్స్‌ఎస్సే, ధర మాత్రం రెండోదానికి దాదాపు రెట్టింపు. ఎర్రదానికి నాలుగు పక్కల నుంచి నాలుగు ఫొటోలున్నాయి, మిగతావాటికి ఒక్కొక్కటే. మనసు ఎటు ఉందో చెప్పనక్కర్లేదు.

నేను తిరిగి ఒక ప్రశ్న పంపాను: "నీ కాలి పొడవెంత?"

"అదేం ప్రశ్నక్కా? నా ఎత్తు ఐదడుగులని నీకు తెలుసు కదా!"

ఎత్తు ఒక్కటే తెలిస్తే చాలదు. ఐదడుగుల మనుషులిద్దరిని పక్కపక్కన నిలబెడితే ఒకరి నడుము ఇంకొకరి కంటే మూడు వేళ్లు పైన ఉండొచ్చు. చేతులూ అంతే. సైకిల్ మీద మనల్ని మోసేది ఎత్తు కాదు, కాళ్ల పొడవు, చేయి చాపు, భుజాల వెడల్పు. ఈ మూడూ తెలియకుండా రంగు, గేర్లు, డిస్కౌంట్ చూసి కొన్న సైకిల్ ఆర్నెల్లకు మెట్ల కింద చేరుతుంది. నాకిది బాగా తెలుసు, నా మొదటి రోడ్ బైక్ అలాగే చేరింది.

అప్పట్లో వేరే ఊళ్లో ఒక షాపుకు వెళ్లాను. నా ఎత్తు 156 సెంటీమీటర్లు. వాళ్ల దగ్గర ఉన్నది 52 సైజు ఒక్కటే. "సీటు దించేస్తే సరిపోతుంది మేడమ్, అందరూ అలాగే తీసుకెళ్తారు" అన్నారు. సీటు దించారు, కాళ్లు అందాయి, నేను నమ్మాను. సీటు దించితే కాళ్లకు సరిపోతుంది గానీ హ్యాండిల్ దగ్గరికి రాదని అప్పుడు నాకు తెలియదు. తిరుపతి నుంచి శ్రీనివాస మంగాపురం దాకా వెళ్లేసరికి మెడ పట్టేసేది. కళ్యాణి డ్యామ్ దారి పట్టిన రోజుల్లో చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కి ఇంటికొచ్చి జడ వేసుకోవడానికి కూడా పట్టు దొరికేది కాదు. నాకు అలవాటు కాలేదనుకున్నాను, నడుములో బలం లేదనుకున్నాను. మూడు నెలలు నన్ను నేనే తిట్టుకున్నాను. తప్పు నాలో లేదు, ఆ ఫ్రేమ్‌లో ఉంది. ఈ మాట నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అట్లాసు, పెన్సిలు, కుట్టుమిషన్ టేపు

ఆ ఆదివారం బస్సెక్కి చిత్తూరు వెళ్లాను. మా చెల్లిని చెప్పుల్లేకుండా గోడకు ఆనించి నిలబెట్టాను, పాదాల మధ్య జానెడు ఎడం. బీరువాలో గట్టి అట్ట ఉన్న పాత అట్లాసు ఒకటి దొరికింది. పుస్తకం వెన్ను పైకి ఉండేలా రెండు కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తుతుందో అంత గట్టిగా పైకి లాగి పట్టుకోమన్నాను. పుస్తకం పక్క అంచు గోడకు అంటుకుని ఉండాలి, లేకపోతే వంకర పోతుంది. వెన్ను ఎక్కడికి వచ్చిందో అక్కడ గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాను. పిన్ని కుట్టుమిషన్ సొరుగులోని టేపుతో నేల నుంచి గీత దాకా కొలిస్తే 68.5 వచ్చింది. సిగ్గుపడి పుస్తకాన్ని వదులుగా పట్టుకుంది. రెండోసారి 70. మూడోసారీ 70. అదే ఖాయం చేశాం.

ఈ ఒక్క అంకె నుంచి రెండు లెక్కలు వస్తాయి. కాలి పొడవును 0.883తో గుణిస్తే పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం వస్తుంది. సైకిల్ రేసుల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ఇది. మా చెల్లికి 61.8 సెం.మీ. వచ్చింది. అదే కాలి పొడవును 0.66తో గుణిస్తే పాత పద్ధతి ఫ్రేమ్ సైజు సుమారుగా తెలుస్తుంది. అది 46. అంటే 44 నుంచి 47 మధ్యలో ఉన్న ఫ్రేమ్‌లే తనవి. ఈ అంకెలు శిలాశాసనాలేం కావు, మొదలుపెట్టడానికి మాత్రమే. కానీ 46కీ 54కీ మధ్య ఎనిమిది సెంటీమీటర్ల తేడా ఉంది. దాన్ని ఏ సర్దుబాటూ పూడ్చలేదు.

ఎర్ర సైకిల్ అమ్మేవాళ్లకు అక్కడి నుంచే ఫోన్ చేయించాను. పై గొట్టం మధ్య నుంచి నేల దాకా ఎంతుందో కొలిచి చెప్పమన్నాం. 78 అన్నారు. మా చెల్లి కాలు 70, బూట్ల మందం రెండు కలిపితే 72. పై గొట్టానికి ఇరువైపులా కాళ్లు పెట్టి నిలబడితే కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. సిగ్నల్ దగ్గర ఒక్కసారిగా ఆగాల్సి వచ్చినప్పుడు, కుక్క అడ్డం వచ్చి దిగాల్సి వచ్చినప్పుడు ఆ ఖాళీయే కాపాడుతుంది. ఇక్కడ ఖాళీ లేకపోగా ఆరు సెంటీమీటర్లు ఎదురు తేలింది.

"అట్లయితే ఎర్రది వద్దా అక్కా?"

"వద్దు. ఊరికే ఇచ్చినా వద్దు."

మొహం చిన్నబోయింది. అయినా ఒక పోలికగా ఆ సైకిల్ ఫొటోని పక్కనే పెట్టుకున్నాం, మిగతా రెండిటినీ అర్థం చేసుకోవడానికి.

చేయి చాపు: షాపులో ఎవరూ చెప్పని అంకె

నేల మీద కాళ్లు అందడం చూసి సైజు సరిపోయిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నా 52 సైజు బండికి పై గొట్టం వాలుగా ఉండేది, దిగి నిలబడడానికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా ముందుకు చాచడంలోనే.

ఒక్కో కంపెనీ సైజులకు ఒక్కో కొలమానం. ఒకరి ఎక్స్‌ఎస్ ఇంకొకరి ఎస్ అవుతుంది. అందుకని స్టికర్ మీది అక్షరాన్ని వదిలేసి, కంపెనీ ఇచ్చే జామెట్రీ పట్టికలో, అంటే ఫ్రేమ్ కొలతల పట్టికలో, రెండు వరుసలు చూడండి: స్టాక్, రీచ్. పెడల్ ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైకి, హ్యాండిల్ దిగే గొట్టం పైఅంచు ఎత్తు దాకా ఉన్న దూరం స్టాక్. అక్కడి నుంచి అడ్డంగా ముందుకు ఆ గొట్టం దాకా ఉన్న దూరం రీచ్. స్టాక్ ఎక్కువైతే తక్కువ వంగుతాం, రీచ్ తక్కువైతే తక్కువ చాస్తాం. ఎండ్యూరెన్స్ రకం బైకులను ఎక్కువ స్టాక్, తక్కువ రీచ్ వచ్చేలా తయారుచేస్తారు. రేసింగ్ రకం దీనికి తిరగేసి ఉంటుంది.

చిన్న ఫ్రేమ్‌లలో ఒక మెలిక ఉంది, పట్టికలో అది దాక్కుని ఉంటుంది. చాలా కంపెనీల్లో చక్రాలు మాత్రం పెద్ద సైజు బండికీ చిన్న సైజు బండికీ ఒకటే, 700సి అనే సైజు. ఫ్రేమ్ కుదించేకొద్దీ ముందు చక్రం కాలివేళ్లకు దగ్గరవుతుంది. దాన్ని తప్పించడానికి కంపెనీలు సీటు గొట్టాన్ని నిటారుగా, ముందు గొట్టాన్ని వాలుగా పెడతాయి. దాంతో "పై గొట్టం పొడవు" అనే అంకె తగ్గినట్టు కనిపిస్తుంది, రీచ్ మాత్రం పెద్దగా తగ్గదు. రెండు సైజుల మధ్య పై గొట్టం రెండు సెంటీమీటర్లు తగ్గి, రీచ్ అర సెంటీమీటరే తగ్గిన పట్టికలు చూశాను. కాబట్టి పై గొట్టం అంకె చూసి మురిసిపోకండి.

కాలివేళ్లు చక్రానికి తగలడాన్ని షాపులోనే పరీక్షించాలి. పెడల్‌ని నేలకు సమాంతరంగా ముందుకు తెచ్చి, ఆ పెడల్ మీద బూటు పెట్టి హ్యాండిల్‌ని మెల్లగా తిప్పండి. చిన్న బండ్లలో కొంచెం తగలడం మామూలే. వేగంలో ఉన్నప్పుడు హ్యాండిల్ అంత తిరగదు కాబట్టి ప్రమాదం తక్కువ. కానీ తిరుపతి గాంధీ రోడ్డు లాంటి రద్దీలో నడక వేగంతో మెలికలు తిరిగేటప్పుడు తగిలితే పడిపోతాం. తగులుతుందని ముందే తెలిసి ఉండాలి.

రీచ్ కొద్దిగా ఎక్కువైతే సరిచేసుకునే దారి ఒకటుంది. హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే స్టెమ్‌ని మార్చి 100 మిల్లీమీటర్లది తీసేసి 80ది వేస్తే హ్యాండిల్ రెండు సెంటీమీటర్లు దగ్గరవుతుంది. 70 కంటే పొట్టిది వేస్తే స్టీరింగ్ మరీ చురుకై బండి నిలకడగా నడవదు. రెండు సెంటీమీటర్ల లోపు తేడా అయితే స్టెమ్‌తో పోతుంది, అంతకు మించితే ఫ్రేమే తప్పు. కొన్ని చోట్ల సీటును పట్టాల మీద ముందుకు జరిపి "ఇప్పుడు అందుతోందా?" అని అడుగుతారు. దయచేసి ఒప్పుకోకండి. సీటు స్థానం మోకాళ్ల కోసం, చేతుల కోసం కాదు. అలా జరిపితే మెడ నొప్పి తగ్గి మోకాలి నొప్పి మొదలవుతుంది.

హ్యాండిల్ వెడల్పు భుజం ఎముకల మధ్య దూరానికి దగ్గరగా ఉండాలి. మా చెల్లికి 36 సెం.మీ. వచ్చింది. చిన్న సైజు బండ్లకు సాధారణంగా 38 లేదా 40 వస్తుంది. 38 పర్లేదు, 42 వస్తే మార్పించుకోవాలి. పెడల్ కడ్డీ, అంటే క్రాంక్, ఇంత కాలికి 165 మిల్లీమీటర్లకు మించకపోతే మంచిది. 170 అయితే పెడల్ పైకొచ్చినప్పుడల్లా మోకాలు పొట్టలోకి వస్తుంది.

ఇక బ్రేకు. మన చేతులు చిన్నవి. పొట్టేలు కొమ్ముల్లా వంగిన ఆ హ్యాండిల్ మీద, లివర్ల పైన చేతులు పెట్టినప్పుడూ కింది వంపు పట్టుకున్నప్పుడూ కూడా చూపుడు వేలు మొదటి కణుపు లివర్‌ని దాటి మెలిపడాలి. వేలికొన మాత్రమే ఆనితే దిగుడులో బ్రేకు పట్టదు. షిమానో వాళ్ల క్లారిస్, దాని పై రకం సోరా కొత్త లివర్లలో చిన్న స్క్రూ తిప్పి లివర్‌ని వేళ్లకు దగ్గరగా తెచ్చుకోవచ్చు. అది చేసి చూపించమని అడగండి. డిస్క్ బ్రేకా, చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకా అని గంటలు గంటలు వాదించుకుంటారు. తేలికైన మనిషికి, ఏడాదిలో ఎక్కువ రోజులు పొడిగా ఉండే మన రోడ్ల మీద మంచి రిమ్ బ్రేకు చాలు. వేళ్లకు అందని డిస్క్ బ్రేకు కంటే అందే రిమ్ బ్రేకే నయం.

"లేడీస్" అని రాసి ఉంటే

మా చెల్లి అడిగిన రెండో ప్రశ్న ఇదే: "లేడీస్‌కని వేరేగా రోడ్ బైకులు ఉంటాయంట కదా?"

ఉంటాయి, దానికో చరిత్ర కూడా ఉంది. అమెరికాలో జార్జీనా టెర్రీ అనే ఇంజనీరు 1985లో ఆడవాళ్ల కోసం సైకిల్ కంపెనీ పెట్టారు. చిన్న ఫ్రేమ్‌లో కాలివేళ్లు చక్రానికి తగిలే సమస్యకు ఆవిడ నేరుగా పరిష్కారం వెతికారు: వెనక మామూలు 700సి చక్రం, ముందు 24 అంగుళాల చిన్న చక్రం. చూడడానికి వింతగా ఉన్నా పొట్టి రైడర్‌కు అది నిజమైన గౌరవమే. తర్వాత పెద్ద కంపెనీలు ఆడవాళ్ల కాళ్లు పొడవు, పైభాగం పొట్టి అనే లెక్కతో వేరే ఫ్రేమ్‌లు తెచ్చాయి. జెయింట్ కంపెనీ లివ్ పేరుతో ఆడవాళ్ల బ్రాండే నడుపుతోంది. స్పెషలైజ్డ్ మాత్రం వేలమంది కొలతలు చూశాక ఆడ, మగ తేడా కంటే మనిషికీ మనిషికీ మధ్య తేడాయే ఎక్కువని 2019 ప్రాంతంలో ఆడవాళ్ల ప్రత్యేక ఫ్రేమ్‌లు మానేసింది. సైజులు ఎక్కువ చేసి సీటు, హ్యాండిల్, క్రాంక్ మార్చుకునే దారి ఎంచుకుంది.

నా అభిప్రాయం చెప్పమంటే, స్టికర్ మీద ఏం రాసి ఉన్నా పట్టించుకోవద్దు. లివ్ బండి మీ కొలతకు సరిపోతే తీసుకోండి. సన్నటి హ్యాండిల్, పొట్టి క్రాంక్, వెడల్పు సీటు ముందే బిగించి వస్తాయి, విడిగా మార్చే ఖర్చు తప్పుతుంది. మగవాళ్లదని పేరున్న ఎక్స్‌ఎస్ సరిపోతే అదీ తీసుకోండి. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే మా చెల్లి లాంటివాళ్లే ఎక్కువ. అయినా షాపుల్లో వరుసగా నిలబెట్టే బండ్లు ఎం, ఎల్ సైజులే. ఇది నాకు బాధగానే ఉంటుంది. గులాబీ రంగు పూసి బుట్ట తగిలించిన సైకిళ్లు ఎన్నయినా చూపిస్తారు, 44 సైజు రోడ్ బైక్ చూపించమంటే ఆర్డర్ పెట్టాలంటారు. పెట్టించండి. మూడు వారాలు ఆగడం మూడేళ్ల మెడ నొప్పి కంటే తేలిక.

ఆడవాళ్లకు నిజంగా తేడా వచ్చేది సీటు దగ్గర. కూర్చునే ఎముకల మధ్య దూరం మనకు సాధారణంగా కొంచెం ఎక్కువ. ఇంట్లోనే కొలుచుకోవచ్చు. పార్సిల్ పెట్టె అట్టముక్కను పీట మీద పరిచి, మోకాళ్లు కొంచెం పైకి వచ్చేలా దాని మీద ఒక నిమిషం కూర్చుని లేవండి. రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య నుంచి మధ్యకు కొలిచి, రెండు మూడు సెంటీమీటర్లు కలపండి. మా చెల్లికి 12.5 వచ్చింది కాబట్టి సీటు 145 నుంచి 155 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. మెత్తటి జెల్ సీటు సుఖమనుకుంటారు. అరగంట దాటాక ఎముకలు జెల్‌లో దిగిపోయి, ఒత్తిడంతా మధ్యలో పడుతుంది. అక్కడ తిమ్మిరీ మంటా మొదలైతే ఎవరికి చెప్పుకోవాలో తెలియక సైకిలే మానేసిన వాళ్లు నాకు తెలుసు. గట్టిగా ఉండి, సరైన వెడల్పు ఉండి, మధ్యలో పల్లం ఉన్న సీటు కావాలి. దాంతోపాటు ప్యాడ్ ఉన్న షార్ట్స్, లోపల ఇంకేమీ లేకుండా. దాని మీద వదులు ప్యాంటు వేసుకుంటే ఊళ్లో ఎవరి చూపుల గురించీ ఆలోచించక్కర్లేదు.

మన రోడ్లకు గేర్లు

ఇప్పుడు రెండో ఫొటోకీ మూడో ఫొటోకీ మధ్య పంచాయితీ. రెండూ ఎక్స్‌ఎస్. కొలతల్లో రెండూ దాదాపు సమానంగా నిలిచాయి. తేడా గేర్లలో, టైర్లలో ఉంది.

రెండోదానికి ముందు 44 పళ్ల చక్రం ఒక్కటే, వెనక అన్నిటికంటే పెద్దది 28 పళ్లు. మూడోదానికి ముందు 50, 34 రెండు చక్రాలు, వెనక పెద్దది 32. ముందు పళ్లను వెనక పళ్లతో భాగించి, చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లతో గుణిస్తే పెడల్ ఒక్క చుట్టుకు బండి ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. అన్నిటికంటే తేలికైన గేరులో రెండోది 3.3 మీటర్లు పోతుంది, మూడోది 2.2 మీటర్లు. నిమిషానికి అరవై చుట్లు తొక్కాలంటే రెండోదాని మీద గంటకు 12 కిలోమీటర్ల వేగం ఉండాలి, మూడోదాని మీద 8 ఉంటే చాలు. ఎక్కుడులో కొత్తగా తొక్కేవాళ్లు 12తో పోలేరు. పెడళ్ల మీద నిలబడి గుంజుకుంటూ పోవాలి, మోకాళ్లు పోతాయి. ఆ ఎర్ర రేసింగ్ బండి గేర్లూ చూశాం: ముందు చిన్నది 39, వెనక పెద్దది 25. లెక్క వేస్తే అదీ 3.3 మీటర్లే. ఖరీదైన గేర్లు వేరు, తేలికైన గేర్లు వేరు.

ఎక్కడ తొక్కుతారన్నదే ఇక్కడ తేల్చేది. తిరుచానూరు, రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు అంతా దాదాపు చదును. అటే తిరిగేవాళ్లకు రెండో బండి హాయిగా సరిపోతుంది, డబ్బు మిగులుతుంది, గేర్లు తక్కువ కాబట్టి రిపేరూ తక్కువ. అలిపిరి నుంచి జూ పార్కు మీదుగా శ్రీనివాస మంగాపురం వెళ్లే దారిలో చిన్న చిన్న ఎత్తుపల్లాలు తగులుతాయి, అదీ దానితో నెట్టుకురావచ్చు. కానీ భాకరాపేట ఘాట్ ఎక్కాలన్నా, చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు చూడాలన్నా సంగతి మారుతుంది. పలమనేరు చిత్తూరు కంటే మూడు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఎప్పటికైనా హార్స్‌లీ హిల్స్ అనే కోరిక ఉంటే, అది 1,200 మీటర్ల పైమాటే, 34 పళ్ల ముందు చక్రం లేకుండా ఆలోచించొద్దు. వెనక 34 దాకా వేయించుకునే వీలుందా అని కూడా అడగండి. గేరు మార్చే డిరైల్యర్‌కి పొడుగు కేజ్ (గొలుసును బిగువుగా పట్టే కింది చట్రం) ఉంటే వీలవుతుంది, పొట్టిదైతే కాదు.

తిరుమల ఘాట్ రోడ్ల సంగతి అందరూ అడుగుతారు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగేవాళ్లకు, 1974లో వచ్చిన రెండోది ఎక్కేవాళ్లకు. ఆ బస్సులు, జీపుల వరసల మధ్య కొత్త రైడర్ ఉండకూడదని నా గట్టి నమ్మకం. తొలి బండిని ఆ దారి కోసమని ఎంచుకోకండి.

టైరు 28 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఫ్రేమ్‌లో 32 పట్టే చోటుంటే ఇంకా మేలు. సన్నటి 23 టైరు స్పీడ్ బ్రేకర్ల మీద, పైపుల కోసం తవ్వి కంకర పోసి వదిలేసిన చోట మణికట్లను చితక్కొడుతుంది. గాలి కూడా టైరు మీద రాసిన గరిష్ఠ అంకె దాకా కొట్టించకండి. యాభై అయిదు కిలోల మనిషికి 28 టైరులో 60, 70 పీఎస్‌ఐ చాలు.

రోడ్ బైక్ అసలు కావాలా అని కూడా ఒకసారి మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. తిరుపతిలో ఎమ్మార్ పల్లి నుంచి ఆఫీసుకు, అక్కడి నుంచి కూరగాయలకు, రోజుకు పది కిలోమీటర్లు దాటని తిరుగుడైతే నిటారు హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ మేలు. రెండు మూడు కిలోలు బరువెక్కువైనా వెనక క్యారియర్ బిగించుకోవచ్చు, తల ఎత్తి ట్రాఫిక్ చూడొచ్చు. నలభై, యాభై కిలోమీటర్లు పోవాలనే కోరిక ఉంటేనే వంపు హ్యాండిల్ సుఖం తెలుస్తుంది. చేతులు పెట్టుకోవడానికి మూడు చోట్లు దొరుకుతాయి, ఎదురుగాలిలో వంగొచ్చు.

షాపులో

పెద్ద షాపుల్లో చిన్న సైజులు చూడాలంటే చెన్నై గానీ బెంగళూరు గానీ వెళ్లాలి. తిరుపతి వాళ్లకు పొద్దున్నే రైలెక్కితే చెన్నైలో పగలంతా చేతిలో ఉంటుంది. ముందు రోజే ఫోన్ చేసి, మీ సైజు బండి బిగించి సిద్ధంగా ఉందో లేదో కనుక్కోండి. తొక్కేటప్పుడు వేసుకునే బూట్లు, బట్టలతోనే వెళ్లండి. చున్నీ ఇంట్లో పెట్టి వెళ్లండి. రోడ్ బైక్‌లకు చైన్ కవర్ ఉండదు, కుడి కాలి ప్యాంటుకు రబ్బరు బ్యాండు తప్పనిసరి.

షాపు చుట్టూ ఒక్క రౌండు కొట్టి నిర్ణయించకండి. కనీసం ఇరవై నిమిషాలు తొక్కండి. మొదటి ఐదు నిమిషాలు ప్రతి బండీ బాగానే ఉంటుంది. వెంట ఎవరినైనా తీసుకెళ్లి వెనక నుంచి వీడియో తీయమనండి. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎత్తెక్కువ. మోచేతులు కర్రల్లా బిగుసుకుని ఉంటే రీచ్ ఎక్కువ. కొద్దిగా వంగి, వదులుగా ఉండాలి. వంగిన భంగిమలో తల ఎత్తి ఎదురుగా వంద అడుగులు చూడగలగాలి, మెడ గుంజకుండా. స్టెమ్ మార్చాల్సి వస్తే డబ్బు కట్టకముందే మాట్లాడుకోండి. కట్టాక ఆ మాట వినిపించుకోరు.

ఒక చిన్న వస్తువు మర్చిపోవద్దు. రోడ్ బైక్ ట్యూబులకు చాలావాటికి సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది, మన పంచర్ షాపు పంపు దానికి పట్టదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, చిటికెన వేలి గోరంత. దాన్ని తాళం గుత్తికి కట్టుకోండి. రెండు స్పేర్ ట్యూబులు, టైరు లివర్లు, చేతి పంపు ఆ రోజే కొనుక్కోండి, 700సి ట్యూబు మన దగ్గర ప్రతి షాపులోనూ దొరకదు. హెల్మెట్, లైట్లు, షార్ట్స్ కలిపి బండి ధర పైన కొన్ని వేలు పక్కన పెట్టుకోవాలి. డబ్బు చాలకపోతే బండిలో ఒక మెట్టు దిగండి గానీ వీటిని వదలకండి.

మా చెల్లి చివరికి మూడోదే తీసుకుంది. దానికి పలమనేరు దారి చూడాలని ఉంది, అదొక్కటే కారణం. వాళ్ల బ్యాంకు దారి, కాణిపాకం గుడి దారి వరకైతే రెండోదే కొనమనేదాన్ని. బండికి 90 స్టెమ్ వచ్చింది, 80 వేయించాం. సీటు 61 దగ్గర పెట్టి మొదలుపెట్టింది. రెండు వారాలకు తొడలు అలవాటు పడ్డాక అర సెంటీమీటరు లేపాం. మొదటి ఆదివారం ఐదింటికే బయల్దేరి కాణిపాకం వెళ్లి ఎండ ఎక్కకముందే వచ్చేసింది. ఫోన్‌లో నేను అడిగిన మొదటి మాట వేళ్ల గురించే. "బాగానే ఉండాయక్కా, ఒంటి మీద బండి ఉన్నట్టే లేదు" అంది.

గోడ మీది పెన్సిల్ గీతను పిన్ని ఇంకా తుడవలేదు. పోయిన వారం వెళ్లినప్పుడు దాని పక్కన, మూడు సెంటీమీటర్లు పైన ఇంకో గీత కనిపించింది. బ్యాంకులో దానితో పనిచేసే అమ్మాయిదంట. 73.